సభ్యత్వం మార్పులకు ఆమోదం ఎవరివ్వాలి? మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. ఈ ఏడాది నుంచి ఒడిశాలోని మా తెలుగు సంఘానికి నేను కార్యదర్శిని. రిజిస్టరు తెరిస్తే 212 పేర్లున్నాయి. అందులో చందా కడుతున్నవాళ్ళెవరు, విశాఖపట్నం వెళ్ళి స్థిరపడినవాళ్ళెవరు, కాలం చేసినవాళ్ళెవరు అని తేల్చుకోవడానికే నెల పట్టింది. 17 పేర్ల పక్కన పెన్సిలుతో 'జీ.స.' అని రాసి ఉంది. జీవిత సభ్యులన్నమాట. ఎవరు రాశారో తెలియదు, తేదీ లేదు, రసీదు నంబరు లేదు.

అందుకే నియమాలు రాసుకుందామనుకుంటున్నాం. సాధారణ సభ్యుణ్ణి జీవిత సభ్యుడిగా మార్చాలంటే ఎవరు ఒప్పుకోవాలి? చందా ఆగిపోయినవాళ్ళని మళ్ళీ చేర్చుకునే పని కోశాధికారికి వదిలేయవచ్చా? ఊరు విడిచి వెళ్ళినవాళ్ళకి ఓటు ఉంచాలా? వాట్సాప్ గ్రూపులో కార్యవర్గం 'సరే' అంటే ఆమోదం అయినట్టేనా? చనిపోయిన జీవిత సభ్యుడి కొడుకు, నాన్నగారి సభ్యత్వం తన పేరు మీదకి మార్చమని అర్జీ పెట్టాడు. ఏం చెప్పాలి?

బరంపురం పట్టు
తమ్ముడూ, ముందు ఒక్క నియమం రాసుకో. డబ్బు తీసుకున్న చెయ్యి, ఆమోదం సంతకం పెట్టే చెయ్యి ఒకటి కాకూడదు. మా దగ్గర కోశాధికారే రెండూ చేశాడు. ఎన్నికలకి నాలుగు రోజుల ముందు 38 మంది సాధారణ సభ్యులు జీవిత సభ్యులైపోయారు. మా నియమావళిలో జీవిత సభ్యులకే పోటీ చేసే హక్కు. రసీదు పుస్తకం అడిగి తెప్పించుకుని చూశాను. 38 రసీదులూ వరస నంబర్లు, ఒకే రాత, ఒకే సిరా, తేదీ మాత్రం రెండు నెలల కిందటిది. ఆ పుస్తకానికి ముందున్న పుస్తకంలో ఇంకా 11 ఖాళీ రసీదులు మిగిలి ఉన్నాయి! పాతది పూర్తి కాకుండా కొత్త పుస్తకం ఎందుకు మొదలెట్టావయ్యా అంటే జవాబు లేదు. పదిహేనేళ్ళు నేను నడిపిన సంఘం అది. ఆ రోజే రాజీనామా ఇచ్చి వచ్చేశాను.

ఎన్నికల నోటీసుకి 60 రోజుల ముందు నుంచి ఏ సభ్యత్వ మార్పూ చెల్లదని రాసుకోండి.

జయపురం మాస్టారు
సంఘాల లెక్కలు ముప్పై ఏళ్ళు ఆడిట్ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీరంతా కొమ్మలు పట్టుకుని వేలాడుతున్నారు. వేరు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, సెక్షన్ 15. నియమాల ప్రకారం చేరి, చందా కట్టినవాడు లేదా రిజిస్టరులో సంతకం చేసినవాడు సభ్యుడు. చందా మూడు నెలలు మించి బకాయి పడితే ఓటు లేదు, సభ్యుల లెక్కలోకి రాడు. కార్యవర్గం దయతలచి ఆమోదించడానికి అక్కడ ఏమీ లేదు. మీ నియమావళిలో వేరుగా రాసుకున్నా చట్టమే పైన ఉంటుంది.

గుణుపురం రైలు
మాస్టారూ, ఆ సెక్షన్ మొత్తం చదివి చెప్పండి. 'ఈ చట్టం కింద జరిగే వ్యవహారాల్లో' అని ఉంది. ఉగాది కమిటీ ఎన్నుకోవడం దాని కిందకి వస్తుందా? మా నియమావళిలో బకాయికి ఏడాది గడువుంది.

జయపురం మాస్టారు
సర్వసభ్య సమావేశం, కార్యవర్గం ఎన్నిక రెండూ వస్తాయి. ఏడాది గడువు అన్నది మీరు రాసుకున్న సౌకర్యం. కోర్టుకి వెళితే నిలబడదు.

గుణుపురం రైలు
నిలబడకపోతే, లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో అదైనా చెప్పండి. చందా గడువు ఏప్రిల్ 1 అయితే, జూన్‌లో సమావేశం పెడితే అందరికీ ఓటుంటుంది, ఆగస్టులో పెడితే సగం మందికి పోతుంది. అంటే సమావేశం తేదీ పెట్టేవాడి చేతిలోనే ఓటర్ల జాబితా ఉన్నట్టు. మా దగ్గర అదే చేశారు. ఎప్పుడూ మే నెలలో జరిగేది సెప్టెంబరుకి జరిపారు. మా నాన్నగారికి 84 ఏళ్ళు. ఆయన చందా బకాయి అని ఎవరూ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. గుమ్మం దగ్గర జాబితా చూసి, 'మీ పేరు లేదండీ' అన్నారు. చేతికర్ర పట్టుకుని అరుగు మీద గంటన్నర కూర్చున్నారు. లోపల ఆయన పెట్టించిన ఫ్యాను తిరుగుతోంది.

జయపురం మాస్టారు
బాధగానే ఉంటుంది. కానీ మీ నాన్నగారి కోసం చట్టం మారదు కదా.

గుణుపురం రైలు
మారమని నేను అడగలేదు. నోటీసు ఇవ్వమన్నాను. మా నాన్నగారి పేరెత్తి తేలిక చేయకండి మాస్టారూ. ముప్పై ఏళ్ళ ఆడిట్‌లో ఒక్క సభ్యుడికైనా బకాయి నోటీసు వెళ్ళిందా లేదా అని మీరు చూశారా?

సిరొంచ ప్రాణహిత
ఇద్దరూ ఆగండన్నా. మా మహారాష్ట్ర వైపు అసలు తలనొప్పి వేరే ఉంది. కార్యవర్గంలో సగం మంది గోదావరి అవతల భూపాలపల్లి వైపు ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళే వచ్చి, 'మా దగ్గర 2001 చట్టం, దాని ప్రకారం చేద్దాం' అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఆ 2001 సొసైటీల చట్టం అక్కడ, తెలంగాణలో, నడుస్తుంది. ఇక్కడ రిజిస్టరైన సంఘానికి అది ఎట్లా వర్తిస్తుంది? నది దాటితే చట్టం మారుతుందని చెప్పి చెప్పి గొంతు పోయింది.

బల్లార్షా జంక్షన్
సిరొంచ అన్న చెప్పింది నిజం. పైగా మహారాష్ట్రలో మనకి ఇంకో మెట్టు ఉంది. ఇక్కడి సొసైటీలు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదవుతాయి. కార్యవర్గం మారితే 90 రోజుల్లో మార్పు నివేదిక ఇవ్వాలి. సభ్యుల జాబితా సరిగా లేకపోతే, ఎన్నికే తప్పని ఎవరో ఒకరు అభ్యంతరం పెడతారు. ఇక ఆ నివేదిక ఏళ్ళ తరబడి తేలకపోవచ్చు. మావి ఇప్పటికి రెండు నివేదికలు అలా నిలిచిపోయాయి.

నా సొంత గొడవ ఇంకోటి. జీవిత సభ్యత్వానికి డబ్బు కట్టి దరఖాస్తు ఇస్తే పద్నాలుగు నెలలు ఔననలేదు, కాదనలేదు. 'కార్యవర్గంలో పెడతాం' అనడమే. నెల రోజుల్లో నిర్ణయం రాకపోతే ఆమోదించినట్టే లెక్క అని మీ నియమాల్లో పెట్టండి.

బరంపురం పట్టు
అలా మాత్రం రాయకండి! మా కోశాధికారి లాంటివాడు ఉంటే నెల రోజులు సమావేశమే పెట్టడు, 38 మందీ దర్జాగా లోపలికి వచ్చేస్తారు. నెలలో తేల్చకపోతే డబ్బు వెనక్కివ్వాలి అని రాసుకోండి, చాలు.

రాయగడ కోడలు
ఇంత సేపూ చదివాను. చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

మా వారు జీవిత సభ్యులు. నాది కుటుంబ సభ్యత్వం. ఇరవై రెండేళ్ళు ప్రతి ఉగాదికీ వందమందికి పచ్చడి కలిపింది నేనే. ఆయన పోయిన మూడో నెలలో సంక్రాంతి సంబరాలకి వెళితే, 'అమ్మా, మీ సభ్యత్వం సార్‌తోనే పోయింది' అన్నారు. నా దగ్గర కార్డు ఉంది. లామినేషన్ కార్డు. పైన ఆయన పేరు, ఫొటో. కింద 'సతీమణి' అని ఒక్క మాట. నా పేరు లేదు. ఇరవై రెండేళ్ళు ఆ కార్డు పర్సులో పెట్టుకుని తిరిగాను, ఆ రోజు వరకు అది చూసుకోలేదు.

ఎవరో ఆమోదించి నన్ను తీసేశారా అంటే అదీ లేదు. తీర్మానం లేదు, ఉత్తరం లేదు. ఎవరూ నిర్ణయించకుండానే నేను సభ్యురాలిని కాకుండా పోయాను. ఆమోదం నియమాలు చేర్చుకోవడానికే కాదండీ, తీసేయడానికి ఇంకా ఎక్కువ కావాలి.

జయపురం మాస్టారు
అమ్మా, మీరు చెప్పింది పూర్తిగా న్యాయం. తీర్పుల సంపుటాల్లో 1963లో అచ్చయిన బెల్గాం లాడ్జ్ విక్టోరియా (ఫ్రీమేసన్ల సంఘం) కేసు ఉంది, సుప్రీంకోర్టుది. బహిష్కరణ కేసు అది. సభ్యుణ్ణి తీసేసే అధికారం సంఘం నియమాల్లోంచే రావాలి, ఆ నియమం ప్రకారమే నడవాలి, ఆరోపణ ఏమిటో చెప్పి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అన్నారు. మీ విషయంలో ఆరోపణే లేదు, ఇక తీసేయడానికి ఆధారమేముంది?

గుణుపురం బాబూ, నోటీసు లేకుండా గుమ్మం దగ్గర ఆపడం తప్పే. నోటీసు ఇవ్వడానికి సెక్షన్ 15 ఎక్కడా అడ్డు రాదు. మూడు నెలల మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

గుణుపురం రైలు
తగ్గక్కర్లేదు. చందా గడువుకి నెల ముందు ఒకటి, గడువు దాటాక ఒకటి, రెండు నోటీసులు అందిన తేదీలు రిజిస్టరులో లేకపోతే 'బకాయి' అని రాయకూడదు. మా సంఘంలో ఈ నియమం పెట్టించేదాకా ఊరుకోను.

సిరొంచ ప్రాణహిత
రాయగడ అక్కా, మీ పేరుతో కొత్త దరఖాస్తు ఇచ్చారా?

రాయగడ కోడలు
ఇవ్వలేదు తమ్ముడూ. కొత్తగా చేరడానికి నేను కొత్తదాన్ని కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ కృతజ్ఞతలు. నిన్న కార్యవర్గంలో మూడు గంటలు కూర్చున్నాం. ఏటా చందా కట్టి కొనసాగడానికి కోశాధికారి రసీదు చాలు. ఏడాది లోపు బకాయి ఉన్నవాళ్ళకీ అంతే, పాత చందా కడితే సరి. ఏడాది దాటితే కార్యవర్గం తీర్మానం కావాలి. జీవిత సభ్యత్వానికి తీర్మానం తప్పనిసరి, డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్ళాకే రిజిస్టరులో సిరాతో రాయాలి. పాత హోదా, కొత్త హోదా, తేదీ, తీర్మానం నంబరు, ఇద్దరి సంతకాలు ఒకే వరసలో ఉండాలి. కార్యదర్శి సొంత మార్పుకి, అంటే నాదానికి, అధ్యక్షులు సంతకం పెడతారు. వాట్సాప్‌లో చర్చ చేసుకోవచ్చు, ఆమోదం మాత్రం సమావేశంలోనే. అరవై రోజుల నియమం, రెండు నోటీసుల నియమం కూడా రాశాం. ఇవన్నీ సర్వసభ్య సమావేశంలో పెట్టాలి. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ ఓటు సంగతి తేలలేదు, అక్కడే పెద్ద గొడవ అయింది.

పెన్సిలు రాతల 17 మంది ఇళ్ళకి ఆదివారం నుంచి వెళ్ళి రసీదులు అడుగుతాం.

రాయగడ కోడలు
ఆ అర్జీ పెట్టిన అబ్బాయికి ఏం చెప్పారు బాబూ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఇంకా ఏమీ చెప్పలేదమ్మా. మీరు రాసింది చదివాక రిజిస్టరు మళ్ళీ తీశాను. వాళ్ళమ్మగారు ఉన్నారు. ఆయన పేరు కింద 'భార్య' అని మాత్రమే రాసి ఉంది. రేపు పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళి ముందు ఆవిడ పేరు అడిగి వస్తాను.