అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవికి ఎన్నికల్లో పోటీ చేయాలంటే?

ప్రశ్న: ముందు కింది కోర్టులో జడ్జిగా పనిచేసి ఉండాలా? పార్టీ టికెట్ ఉంటుందా?

జవాబు: అక్కర్లేదండీ. ఆ రాష్ట్రంలో 5 ఏళ్లుగా లాయర్ లైసెన్సు ఉంటే చాలు. కాకపోతే సర్క్యూట్ కోర్టు (అక్కడి కింది కోర్టు) అనుభవం ప్రచారంలో బాగా పనికొస్తుంది. 2025లో గెలిచిన సూసన్ క్రాఫోర్డ్ అప్పటికి డేన్ కౌంటీ సర్క్యూట్ జడ్జే. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. పదవీకాలం 10 ఏళ్లు, ఆగస్టు 1న మొదలు.

జవాబు: అసలు తంటా నామినేషన్ పత్రాల మీద ఓటర్ల సంతకాలతోనే. డిసెంబర్ 1 నుంచి జనవరి మొదటి మంగళవారం సాయంత్రం 5 లోపు కనీసం 2,000 కావాలి, 4,000 మించకూడదు. సంతకం పక్కన తేదీ లేక, ఆ పేజీలోని మిగతా సంతకాల తేదీలను బట్టి కూడా తెలియకపోతే కొట్టేస్తారు. సేకరించినవాళ్ల ధ్రువీకరణ లేని పేజీ అయితే మొత్తానికే పోతుంది. అందుకే 3,000 పైన పెట్టుకోవడం మేలు. ఇద్దరికి మించి బరిలో ఉంటే ఫిబ్రవరిలో ప్రైమరీ (ఇద్దరిని మిగిల్చే తొలి పోలింగ్), ఏప్రిల్‌లో అసలు పోలింగ్.

జవాబు: ఒకటి మరిచారు. అభ్యర్థి స్వయంగా విరాళం అడగకూడదు, ప్రచార కమిటీయే అడగాలి. ఫలానా కేసులో ఇలా తీర్పిస్తానని మాటివ్వడమూ నిషిద్ధం. పార్టీరహితం అన్నది పేరుకే లెండి! వ్యక్తి ఇచ్చే విరాళానికి 20,000 డాలర్ల పరిమితి ఉంది గానీ, పార్టీలు అభ్యర్థికి ఇచ్చేదానికి పరిమితే లేదు.