కొత్త ట్యాంకుకి మారుస్తున్నా, తెల్లమచ్చలు వెంట రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండి, మాది హైదరాబాద్, 200 లీటర్ల సాల్ట్‌వాటర్ ట్యాంకు నుంచి 400 లీటర్లదానికి మారుతున్నా. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్ చేప, ఒక రొయ్య, కొన్ని కోరల్స్ ఉన్నాయి, టాంగ్ ఒంటి మీద ఉప్పు చల్లినట్టు మచ్చలు, రాళ్లకేసి రుద్దుకుంటోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. పాత రాళ్లు వేస్తే ఈ తెల్లమచ్చల పురుగు కూడా వచ్చేస్తుందా?

జవాబు:
వచ్చేస్తుంది అన్నా. ఆ పురుగు చేప మీదుండేది కొన్ని రోజులే, తర్వాత రాలిపోయి రాయికో ఇసుకకో అతుక్కుని పెంకు కట్టుకుంటుంది, లోపల వందల పిల్లలు తయారవుతాయి, ఆ పెంకుని కాపర్ (నీళ్లలో కలిపే రాగి మందు) కూడా ఏం చేయలేదు. అందుకే రాళ్లు, కోరల్స్, రొయ్య కొత్తదాంట్లో వేసి చేపల్లేకుండా 76 రోజులు ఉంచండి, చేప దొరక్క పురుగులు చస్తాయి. పాత ఇసుక తేవద్దు, కదిపితే అమ్మోనియా లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి అన్నాళ్లు చేపలెక్కడ? కాపర్ అంటే భయం.

ఇంకో జవాబు:
భయమైతే రెండు టబ్బులు కొనండి, 3 రోజులకోసారి చేపల్ని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చండి, మొత్తం 4 సార్లు, ప్రతిసారీ కొత్త ఉప్పునీళ్లు, ఖాళీ అయినదాన్ని, హీటర్‌నీ ఎయిర్ స్టోన్‌నీ కూడా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నేనలాగే చేశా, టాంగ్ బతికింది. తర్వాత మిగతా రోజులు వేరే శుభ్రమైన ట్యాంకులో పెట్టండి. వెల్వెట్ (ఇలాంటిదే ఇంకో పురుగు జబ్బు) అయితే మాత్రం ఇది పనిచేయదు, కాపరే వాడాలి. వల, చెయ్యి తడిగా అటూ ఇటూ పెట్టకండి ప్లీజ్.