'వన్ హాట్ మినిట్' (1995): పెప్పర్స్ చెత్త ఆల్బమా, అన్యాయమైపోయిన ఆల్బమా?

బేసు పిచ్చోడు:
అమెరికన్ రాక్ బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ఆల్బమ్‌లకు ఎవరు ర్యాంకులిచ్చినా 'వన్ హాట్ మినిట్' అడుగునే కనిపిస్తుంది. అలా పెట్టినవాళ్ళలో సగం మంది 'మై ఫ్రెండ్స్' తప్ప ఇంకో పాట విని ఉండరని నా అనుమానం. జనం దీన్ని తిట్టింది ఇందులో ఉన్నదాన్ని చూసి కాదు, లేని మనిషిని తలచుకుని. 1992లో జపాన్ టూర్ మధ్యలో గిటారిస్ట్ జాన్ ఫ్రుషాంటే బ్యాండ్ వదిలేసి వెళ్ళిపోయాడు. ఒకరిద్దరిని ప్రయత్నించి, చివరికి జేన్స్ అడిక్షన్ బ్యాండ్‌లో వాయించిన డేవ్ నవారోని తెచ్చుకున్నారు. అతని దారి వేరు. అతని దగ్గర దీనికి ముందొచ్చిన 'బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్' ఆల్బమ్‌కి రెండో భాగం ఆశిస్తే ఎలా?

పాత క్యాసెట్:
రెండో భాగం ఎవరూ అడగలేదు బ్రో, ఫంక్ అడిగారు, అదే, బేసు ముందుండి ఊపే సంగీతం. తన మీద ఫంక్ ప్రభావం పెద్దగా లేదని నవారోనే చెప్పుకున్నాడు. ఈ బ్యాండ్‌లో పాటలు పుట్టేదే నలుగురూ కూర్చుని గంటల తరబడి జామ్ చేస్తే. ఆ పద్ధతి అతనికి అలవాటు లేదు.

'బ్లడ్ షుగర్'లోని 'గివ్ ఇట్ అవే' వినండి. గిటార్ రెండు ముక్కలు గీకి తప్పుకుంటుంది, ఆ ఖాళీలో బేసు ఆడుకుంటుంది. 'వన్ హాట్ మినిట్'లో గిటార్ మీద గిటార్, దాని మీద ఇంకో గిటార్. ఫంక్‌కి ఊపిరి ఆ ఖాళీయే కదా! ప్రొడ్యూసర్ రెండిటికీ రిక్ రూబినే, కాబట్టి నేరం ఆయన మీదకి నెట్టలేం.

బేసు పిచ్చోడు:
'ఏరోప్లేన్' మర్చిపోయారా? బేసిస్ట్ ఫ్లీ స్లాప్ బేసు (తీగల్ని బొటనవేలితో కొట్టి వాయించేది) పాటంతా గంతులేస్తూనే ఉంటుంది. చివర్లో పిల్లల కోరస్, అందులో ఫ్లీ కూతురు కూడా పాడింది. ఇది ఫంక్ కాకపోతే మరేది? ఇక 'పీ'లో అయితే గిటారే లేదు. ఫ్లీ ఒక్కడే బేసు వాయిస్తూ పాడతాడు. మీరడిగిన ఖాళీ అక్కడ కావలసినంత ఉంది.

పాత క్యాసెట్:
'పీ' రెండు నిమిషాలు కూడా లేదు. గంట దాటిన ఆల్బమ్‌లో అదీ ఒక లెక్కేనా? 😄

లెక్కల మాస్టారు:
గంట దాటడమే తప్పయితే 'బ్లడ్ షుగర్' 70 నిమిషాలు దాటింది, దాన్నెవరూ ఏమనరు.

ఫ్లాప్ అనేవాళ్ళకి రెండు అంకెలు. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌లో 4వ స్థానం. అమెరికాలో డబుల్ ప్లాటినం, అంటే 20 లక్షల కాపీలు. పైగా 'మై ఫ్రెండ్స్' మోడర్న్ రాక్ చార్ట్‌లో నంబర్ వన్. ముందొచ్చిన 'బ్లడ్ షుగర్', తర్వాత 1999లో వచ్చిన 'కాలిఫోర్నికేషన్' దీనికంటే చాలా ఎక్కువ అమ్ముడుపోయాయి. ఇద్దరు ర్యాంకర్ల మధ్య పుట్టిన ఫస్ట్ క్లాస్ పిల్లాడి పరిస్థితి.

సుమ_వింటోంది:
అందరూ గిటార్, బేసు దగ్గరే ఆగిపోయారు, సాహిత్యం సంగతేమిటండీ? ఐదేళ్ళకు పైగా డ్రగ్స్‌కి దూరంగా ఉన్న గాయకుడు ఆంథొనీ కీడిస్ సరిగ్గా ఈ ఆల్బమ్ పని నడుస్తుండగా మళ్ళీ హెరాయిన్‌లో పడ్డాడు. 'వార్ప్డ్' అదే గొడవ. మాటలు ఎఫెక్టుల వెనక నలిగిపోయి వినిపిస్తాయి, ఆ హోరంతా అయ్యాక చివర్లో పాట ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. 'టియర్‌జర్కర్' 1994లో పోయిన నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ గురించి. 'ట్రాన్సెండింగ్' నటుడు రివర్ ఫీనిక్స్ గురించి, అతను ఫ్లీకి దగ్గరి స్నేహితుడు. 23 ఏళ్ళకే పోయాడు. ఇంత జరిగాక వీళ్ళు చొక్కాలు విప్పి గెంతే పాటలు చేస్తే నాకైతే నచ్చేది కాదు.

పాత క్యాసెట్:
సుమ గారూ, బాధ నిజమే, కాదనను. కానీ బాధ నిజమైనంత మాత్రాన పాట బాగుండాలని లేదు. 'ట్రాన్సెండింగ్' మీకిచ్చేశాను, అది గొప్ప పాటే. 'వన్ బిగ్ మాబ్' మొదట్నుంచి చివరిదాకా ఓపిగ్గా వినగలరా మీరు?

అసలు బ్యాండే దీన్ని పక్కన పెట్టేసింది. 1998లో నవారో బయటికి, ఫ్రుషాంటే లోపలికి. ఆ తర్వాత స్టేజీ మీద ఈ పాటలు దాదాపు మాయం. 2003 గ్రేటెస్ట్ హిట్స్‌లో దీన్నుంచి ఒక్క 'మై ఫ్రెండ్స్' మాత్రమే తీసుకున్నారు.

బేసు పిచ్చోడు:
తను లేనప్పుడు వేరేవాడు కట్టిన పాటలు వాయించాలని ఫ్రుషాంటేకి ఎందుకుంటుంది? గిటారిస్ట్‌గా జాష్ క్లింగ్‌హాఫర్ ఉన్నప్పుడు, 2016లో 'ఏరోప్లేన్' మళ్ళీ స్టేజీ ఎక్కింది. ఆ వీడియోలు చూడండి, మొదటి ముక్క వినగానే జనం అరుపులు! పనికిరాని పాటకి అలా అరవరు.

నన్నడిగితే కంపెనీ చేసిన తప్పు 'వార్ప్డ్'ని మొదటి సింగిల్‌గా వదలడం. ఆ వీడియోలో నవారో, కీడిస్ ముద్దు పెట్టుకున్నారని జనం దాని గురించే మాట్లాడుకున్నారు, పాట పక్కకి పోయింది. 'ఏరోప్లేన్' ముందొచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది.

పాత క్యాసెట్:
'ఏరోప్లేన్' ముందొస్తే ఆల్బమంతా అలాగే ఉంటుందని కొనుక్కుని ఇంకా ఎక్కువ తిట్టేవాళ్ళు.

సుమ_వింటోంది:
'వార్ప్డ్' ముందు రావడమే నయం. లోపల ఏముందో దాచకుండా చెప్పింది. పాత క్యాసెట్ గారూ, 'వన్ బిగ్ మాబ్' విన్నాను, మొదట్నుంచి చివరిదాకా. మధ్యలో పసిపాప ఏడుపు వచ్చే చోటు మీరు స్కిప్ చేసి ఉంటారు 🙂