కొండపల్లి దగ్గర లోకల్ పెట్రోలు, డీజిల్ ట్యాంకర్ డ్రైవర్ పని: జీతం ప్లస్ బత్తా మేలా, నెల జీతం మేలా?

నూజివీడు_హెవీ:
అన్నలకు నమస్తే. హెవీ లైసెన్స్ ఉంది, టిప్పర్ నడిపిన అనుభవం ఉంది, ట్యాంకర్ కొత్త. రెండు చోట్ల మాట్లాడాను. మొదటిది ట్రాన్స్‌పోర్టర్ దగ్గర 20 కేఎల్ (కిలోలీటర్ల) బండి. నెలకు 16 వేలు, ట్రిప్పుకి 250 బత్తా, "షార్టేజీ (దించేటప్పుడు తగ్గిన సరుకు) వస్తే డ్రైవర్‌దే" అన్నారు. రెండోది ఒక డీలర్ సొంత 12 కేఎల్ బండి. 22 వేలు, బత్తా లేదు. రెండూ కొండపల్లి ఆయిల్ టర్మినల్‌లో లోడ్ చేసి గుడివాడ, నూజివీడు, తిరువూరు వైపు వెళ్లేవే. రోజుకి ఎన్ని గంటలు పడుతుంది? జీతంలో కట్టింగులు ఎక్కడ ఉంటాయి? ఏది తీసుకోవాలి?

గ్యాంట్రీ_నం_4:
తమ్ముడూ, నెలకు ఎంత అని కాదు, గంటకు ఎంత పడుతుందో చూడు. లోకల్ ట్యాంకర్‌లో స్టీరింగ్ మీద ఉండే టైమ్ తక్కువ, క్యూలో ఉండే టైమ్ ఎక్కువ.

గుడివాడ ట్రిప్పే తీసుకో. పోను అరవై కిలోమీటర్ల చిల్లర. లోడుతో రెండు గంటలు, ఖాళీగా వెనక్కి గంటన్నర. 20 కేఎల్ నిండడానికి అరగంట చాలు. కానీ పార్కింగ్‌లో టర్న్, సేఫ్టీ చెకింగ్, లోడింగ్ బే ఖాళీ అవడం, ఇన్‌వాయిస్, లాకు అన్నీ కలిపి మామూలు రోజున మూడు గంటలు. బంకులో ఇంకో గంటన్నర. పొద్దున ఆరింటికి రిపోర్ట్ చేస్తే మొదటి ట్రిప్పు ముగిసేసరికి రెండు దాటుతుంది. రెండో లోడు దొరికితే సాయంత్రం బంకుకు చేరతావు. చీకటి పడ్డాక దించుకోని బంకులు చాలా ఉన్నాయి. అప్పుడు బండి అక్కడే, కాపలా నువ్వే, బత్తా ఒకటే.

సాధారణంగా ఆదివారం టర్మినల్ సెలవు కాబట్టి శనివారం, సోమవారం క్యూ పొడుగు. పండగ ముందు రోజులు, రేటు పెరుగుతుందని పుకారు వచ్చిన రోజులు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. నెలకు 26 రోజులు, 32 ట్రిప్పులు అనుకో. 16,000 + 8,000 = 24,000. రోజుకి 11 గంటల చొప్పున 286 గంటలు. అంటే గంటకు 84. డీలర్ బండికి రోజుకి ఒక లోడు, ఎనిమిదిన్నర గంటలు వేసుకుంటే 221 గంటలకి 22,000. గంటకు దాదాపు 100.

ఓనర్‌కి ఆయిల్ కంపెనీ కిరాయి కిలోలీటర్ల మీద, పోను రాను కిలోమీటర్ల మీద వస్తుంది. క్యూలో నిలబడ్డ గంటకి ఆయనకీ ఏమీ రాదు. అందుకే ఆ గంటని ట్రిప్పు బత్తా పేరుతో నీ నెత్తిన పెడతాడు. చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48, దాటితే రెట్టింపు కూలి. ఈ లైన్‌లో దాన్ని పాటించేవాళ్లు అరుదు. అయినా "వెయిటింగ్ బత్తా ఉందా, రాత్రి హాల్ట్‌కి ఎంత" అని అడుగు. అడిగిన వాడికే ఇస్తారు.

డీలర్‌ని అడగాల్సింది వేరు. లోడు లేని రోజు బంకులో పెట్రోలు కొట్టమంటాడా, ఆయన సొంత కారు తోలమంటాడా? 22 వేలలో అవి కూడా ఉంటే పైన చెప్పిన వంద నిలవదు.

డిప్‌రాడ్:
బత్తా సంగతి పైన అన్న చెప్పారు. నన్నడిగితే "షార్టేజీ డ్రైవర్‌దే" అన్న మాటే అసలు ప్రమాదం. అందులో సగం దొంగతనం కాదు, వేడి.

పెట్రోలు ఒక డిగ్రీ చల్లబడితే వెయ్యి లీటర్లకి సుమారు 1.2 లీటర్లు కుంచించుకుంటుంది. మధ్యాహ్నం నింపిన బండి రాత్రి ఆగి పొద్దున దిగిందనుకో. నాలుగు డిగ్రీలు తగ్గితే 5,000 లీటర్ల కంపార్ట్‌మెంట్‌లో 24 లీటర్లు. నాలుగు గదులూ పెట్రోలే అయితే 96 లీటర్లు. లీటరు వంద వేసుకున్నా 9,600, అంటే నీ నెల బత్తా కంటే ఎక్కువ. డీజిల్ కాస్త నయం, వెయ్యికి 0.8 చొప్పున.

దీన్ని రుజువు చేసేవి డెన్సిటీ, ఉష్ణోగ్రత. హైడ్రోమీటర్, థర్మామీటర్ ఒకే జాడీలో పెట్టి చూడు. చల్లబడిన పెట్రోలు విడి డెన్సిటీ (ఆ వేడి దగ్గర కనిపించే అంకె) డిగ్రీకి ఒక పాయింట్ (ఘన మీటరుకు కిలో) దాకా పెరుగుతుంది. దాన్ని టేబుల్ చూసి 15 డిగ్రీలకు మార్చితే ఇన్‌వాయిస్ అంకెకి మూడు పాయింట్ల లోపు రావాలి. వచ్చిందంటే సరుకు అదే. లోడు అప్పటి ఉష్ణోగ్రతకీ ఇప్పటికీ ఉన్న తేడా లెక్కకి తగ్గిన లీటర్లు సరిపోతే తగ్గింది వేడి వల్లే. ఆ రెండు అంకెలూ, ఉష్ణోగ్రతా, టైమూ ఇన్‌వాయిస్ కాపీ మీద రాయించి బంకు సంతకం తీసుకో. ఇదంతా వాల్వు తిప్పక ముందే. తిప్పాక ఎవరూ ఒప్పుకోరు.

డిప్పు (రాడ్‌తో సరుకు లోతు కొలవడం) చూసే పద్ధతిలో కూడా లీటర్లు పోతాయి. బండి సమంగా ఉన్న చోట ఆపు, ముందు చక్రం కాస్త దిగబడినా రీడింగ్ మారుతుంది. ఇంజన్ ఆపి, మాస్టర్ స్విచ్ తీసి, ఎర్తింగ్ క్లిప్పు తగిలించి, పది పదిహేను నిమిషాలు సరుకు కదలకుండా ఉండనివ్వు. రాడ్‌ని నిలువుగా అడుగు ప్లేటు తగిలేదాకా దించు. పెట్రోలు తడి రాడ్ మీద క్షణంలో ఆరిపోతుంది, అందుకే పెట్రోలు తగిలితే రంగు మారే పేస్టు పూసి చూడాలి. కాలిబ్రేషన్ చార్టులో మిల్లీమీటరుకు ఎన్ని లీటర్లో ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల తగాదా అంటే ఎంతో నీకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకోటి, గొట్టం. మూడంగుళాల గొట్టం నాలుగు మీటర్లుంటే అందులోనే 18 లీటర్లు నిలుస్తాయి. ట్యాంకర్ వైపు నుంచి ఎత్తుకుంటూ వెళ్లి మొత్తం బంకు ట్యాంకులోకి వంచాకే విప్పు. కొత్త క్లీనర్లు సరిగ్గా ఇక్కడే తొందరపడతారు.

బంకు_లెక్కలు:
డిప్‌రాడ్ గారు చెప్పినదానికి బంకు వైపు నుంచి ఒక మాట. షార్టేజీ కంటే ఖరీదైనది సరుకు మారడం. పెట్రోలు డీజిల్ ట్యాంకులో పడితే ఆ డ్రైవర్‌ని మళ్లీ ఎవరూ పెట్టుకోరు. ఏ గదిలో ఏముందో ఇన్‌వాయిస్‌లో ఉంటుంది. దాన్నీ, బంకు ఫిల్లింగ్ పైపు మీద రాసినదాన్నీ ఇద్దరూ పైకి చదువుకుని అప్పుడు గొట్టం బిగించాలి. పొరపాటు జరిగితే వెంటనే వాల్వు కట్టేసి, ఆ ట్యాంకు పంపులన్నీ ఆపించి, అప్పుడు ఫోన్ చేయాలి.

వానాకాలం మ్యాన్‌హోల్ మూత రబ్బరు కూడా చూసుకోండి. ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఉంది. నీళ్లు కలిస్తే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. వాన నీరు ఎవరి వల్ల వచ్చిందనే తగాదా డ్రైవర్ దగ్గరే మొదలవుతుంది.

కాగితాల సంగతి. హెవీ ఒక్కటే చాలదు. ప్రమాదకర సరుకుల శిక్షణ మూడు రోజులు చేసి ఆ సర్టిఫికెట్‌తో లైసెన్స్ మీద ఎక్కించుకోవాలి. అది మూడేళ్లకోసారి రెన్యువల్. ఆ ఫీజు, ఆ రోజుల జీతం ఎవరిదో ముందే తేల్చుకోండి.

22 వేల జీతంలో ఒక మెలిక ఉంది. ఈఎస్ఐ పరిమితి 21,000. అది దాటితే ఆసుపత్రి సౌకర్యం రాదు. పదిమంది లోపు పనిచేసే బంకుకి మామూలుగా ఈఎస్ఐ వర్తించదు కూడా. కాబట్టి ప్రమాద బీమా చేయిస్తారా అని అడగండి. ట్రాన్స్‌పోర్టర్ దగ్గర 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. మీ వాటా 12 శాతం కోసేటప్పుడు ఓనర్ వాటా కూడా మీ జీతంలోంచే లాగుతున్నారేమో పే స్లిప్ చూడండి.

నూజివీడు_హెవీ:
చాలా థాంక్స్ అన్నా. దారిలో టీకి ఆపితే బండి బ్లాక్ అవుతుందంటున్నారు, నిజమేనా?

గ్యాంట్రీ_నం_4:
లోడుతో ఉన్నప్పుడు అనుమతి లేని చోట ఆగినా, రూటు మారినా, జీపీఎస్ పవర్ తెగినా టర్మినల్‌కి అలర్ట్ వెళ్తుంది. బండి బ్లాక్ అయితే, అంటే లోడింగ్ ఆపేస్తే, ట్రిప్పులు లేవు, నీ బత్తా కూడా లేదు. టీ, భోజనం లోడు ఎక్కక ముందే కానిచ్చెయ్. టైరు పంచరైనా, రోడ్డు మూసేసినా ఆగిన వెంటనే ట్రాన్స్‌పోర్టర్‌కి ఫోన్ చెయ్, లొకేషన్‌తో ఫోటో పంపు. తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. వైరు కదిలి జీపీఎస్ ఆగినా నీ మీదే పడుతుంది, అందుకే పొద్దున బండి తీసేటప్పుడు దాని లైటు వెలుగుతోందో లేదో చూసుకో.

నూజివీడు_హెవీ:
షార్టేజీ విషయం కాగితం మీద రాసివ్వమంటే ట్రాన్స్‌పోర్టర్ ఒప్పుకుంటాడా?

డిప్‌రాడ్:
కాగితం మీద రాయడు. అడగాల్సిన తీరు వేరు. "15 డిగ్రీల డెన్సిటీ కలిసి, తగ్గింది వేడి లెక్కకి సరిపోతే నాకు కట్టింగ్ ఉండదు కదా" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు. అవునంటే అదే నీ కాగితం. ఫోన్ చేసి మాట్లాడదాం అంటే డీలర్ బండి తీసుకో.