టారోలో సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ కార్డు తలకిందులుగా వస్తే ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ. గాజువాకలో టైలరింగ్ షాపు పెట్టుకోవడానికి మా పెద్దమ్మ డబ్బు ఇస్తానంటోంది, తిరిగి ఇవ్వక్కర్లేదట. మనసున్న మనిషే. కానీ అక్క పెళ్లికి ఇచ్చిన డబ్బు గురించి ఇప్పటికీ నలుగురిలో ఎత్తుతుంది. అందుకే టెన్షన్.

టారో (జోస్యం చూసే బొమ్మల కార్డులు) తీస్తే సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది, అదీ తలకిందులుగా. నాది 1909 నాటి రైడర్ వెయిట్ డెక్, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు. షావుకారు ఒక చేత్తో త్రాసు పట్టుకుని, రెండో చేత్తో నాణేలు వేస్తున్నాడు. కింద ఇద్దరు మోకాళ్ల మీద ఉన్నారు. నాణేలు మాత్రం ఒక్కరి చేతిలోనే పడుతున్నాయి. ఆ రెండో మనిషిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నిటారుగా వస్తే కానుకలు, తలకిందులైతే అత్యాశ, అసూయ అని ఈ డెక్ రూపొందించిన వెయిట్ రాశారు. షరతులతో ఇచ్చే సాయం అని ఇప్పటివాళ్లు చాలామంది చెబుతారు. నాకైతే ఇదే దగ్గరగా అనిపిస్తోంది. పక్కన జస్టిస్ (న్యాయం) కార్డు వచ్చింది, అందులోనూ త్రాసే. ఈ రెండూ కలిపి మీరెలా చదువుతారు? వద్దనమనా, ముందే మాట తేల్చుకోమనా? ఇందులో నేను పుచ్చుకునే మనిషినేనని ఎలా అనుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.