శ్రీకాకుళం సైడ్ పిల్లలతో పాత నాణేలు వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొనొచ్చా?

విజినారం నాన్న

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, అత్తారిల్లు గార మండలంలో, సముద్రానికి బాగా దగ్గర. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు పెరట్లో కొబ్బరి మొక్క పెడదామని గొయ్యి తీస్తుంటే మా పెద్దాడికి మధ్యలో చిల్లున్న కానీ నాణెం ఒకటి దొరికింది, 1944ది, కిరీటం బొమ్మ ఇంకా కనపడుతోంది. మా మావగారు చూసి చిన్నప్పుడు ఇవి మొలతాడుకి కట్టేవారురా అన్నారు, అంతే, ఆ రోజు నుంచి గుంటలిద్దరూ ఫోన్ అడగడం మానేసి పొద్దున్నే పార పట్టుకుని పెరట్లోకి పోతున్నారు, మా ఆవిడేమో వంటింట్లో జల్లెడ పట్టుకొచ్చి మట్టి జల్లిస్తోంది, నేను ఎక్కడ నించుంటే అక్కడ తవ్వాలంటారు. ఎక్కువగా మేకులూ సోడా మూతలే వస్తాయి అనుకోండి, కానీ ఆరుపలకల మూడు పైసలు, నలుపలకల ఐదు పైసలు కూడా వచ్చాయి, వాటిని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు కదా, అదో సంబరం.

ఇప్పుడు అడిగేదేంటంటే ఆన్‌లైన్‌లో తక్కువ రేటులో మెటల్ డిటెక్టర్లు కనిపిస్తున్నాయి, కొనడం వేస్టా? పెరడు అయిపోయింది, ఇంకెక్కడ వెతకొచ్చు, బీచ్‌లో దొరుకుతాయా? బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం దగ్గరే కాబట్టి అటు పోదాం నాన్నా అంటున్నాడు పెద్దాడు. మావగారు మాత్రం మిషన్ పేరెత్తితే ఒప్పుకోవట్లేదు, గుప్తనిధులకి తవ్వుతున్నాం అనుకుంటారట ఊళ్ళోవాళ్ళు. ఆయనది మరీ అతి భయమా లేక నిజంగానే ఇబ్బందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతపైసలు

ముందు మీ పెద్దాడికి కంగ్రాట్స్. ఆ చిల్లు కానీలు 1943 నుంచి 47 దాకా కొట్టారు, యుద్ధం టైమ్‌లో రాగి ఆదా చెయ్యడానికి మధ్యలో చిల్లు పెట్టారు. రూపాయికి 64 కానీలు. కాబట్టి మీ పెరట్లో ఎవరో రూపాయిలో 64వ వంతు పారేసుకున్నారు, ఆ రోజుల్లో దానికి ఇంట్లో ఎన్ని తిట్లు పడ్డాయో.

డిటెక్టర్ సంగతి. మిషన్ కొనేముందు యాభై రూపాయల అయస్కాంతం, దారం కొనుక్కోండి అని చాలామంది చెప్తారు, నేను అలా చెప్పను, ఎందుకంటే మీకు కావల్సినవి దానికి అంటుకోవు. రాగి, కంచు, వెండి, అల్యూమినియం, రాగీ నికెలూ కలిపిన కుప్రోనికెల్ వీటిల్లో ఏదీ అయస్కాంతానికి రాదు. వచ్చేవి 1988 నుంచి వచ్చిన స్టీల్ పావలాలు, 1992 నుంచి వచ్చిన స్టీల్ రూపాయలు, ఆ తర్వాతి స్టీల్ రెండు రూపాయలు, ఇంకా స్వచ్ఛమైన నికెల్‌తో చేసిన 1950లు 60ల నాటి రూపాయి, అర్ధ రూపాయి. నాగావళి బ్రిడ్జి కింద కుర్రాళ్ళు దారానికి అయస్కాంతం కట్టి లాగుతారు చూడండి, వాళ్ళకి పడేవి ఈ స్టీల్ బిళ్ళలే. ఈమధ్య అవి కూడా తగ్గిపోయాయి, ఫోన్‌పే వచ్చాక జేబులో చిల్లర ఎవడి దగ్గరుంది నదిలో వెయ్యడానికి.

మిషన్ మాత్రం రాగికీ వెండికీ కూడా కూస్తుంది. తీగచుట్టలో అటూ ఇటూ మారే కరెంటు వెళ్తుంది, కింద లోహం ఉంటే దానిలో చిన్న కరెంటు పుడుతుంది, అది వెనక్కి తగిలినప్పుడు మిషన్‌కి తెలుస్తుంది. నాణెం సైజు వస్తువైతే జానెడు లోతు, నేల బాగుంటే ఇంకాస్త, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. యాడ్‌లో మూడు మీటర్ల లోతులో బంగారం చూపిస్తుంది అని ఉంటే ఆ పేజీ అక్కడే మూసెయ్యండి. ఇంకొకటి, గుట్కా ప్యాకెట్ రేకుకీ సన్నటి బంగారు ఉంగరానికీ మిషన్ దాదాపు ఒకేలా కూస్తుంది, మన ఊళ్ళల్లో ఏది ఎక్కువ దొరుకుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కళింగపట్నం సరుగుడు తోట

ఏటండి బీచ్ అంటున్నారు కదా, మా ఊరి సంగతి నాను సెప్తాను. మా బావ డిటెక్టర్ ఒకటి తెచ్చి ఇక్కడ తిప్పేడు, ఎక్కడ పెట్టినా కూతే, ఆపకుండా కూస్తంది, గొయ్యి తీస్తే ఏటీ లేదు, మిషన్ పాడైపోయిందని తిట్టుకున్నాడు. మిషన్ బాగానే ఉంది, మన ఇసుకే తేడా. శ్రీకూర్మం వైపు నుంచి కళింగపట్నం దాకా తీరంలో నల్ల ఇసుక ఉంటాది కదా, ఇల్మనైటు, మాగ్నటైటు, ఎర్రగా గార్నెట్టు, అవన్నీ కలిసి మిషన్‌ని తికమక పెట్టేస్తాయి. మామూలు అయస్కాంతం ఒకటి ఆ ఇసుకలో పెట్టి తియ్యండి, ముళ్ళపందిలాగ లేచి నిలబడతాది, పిల్లలకి అదే పెద్ద ఆట, కాయిన్ దొరక్కపోయినా పర్లేదు. దీనికి తోడు ఉప్పునీరు కూడా కరెంటు పాస్ చేస్తాది కాబట్టి తడి ఇసుకలో చవక మిషన్ అసలు పనిచెయ్యదు. నేలకి తగ్గట్టు సెట్ చేసుకునే సదుపాయం ఉన్నవైతే పొడి ఇసుకలో కొంత పర్లేదు. పల్స్ ఇండక్షన్ అని, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో పనిచేసేవని ఉన్నాయి, అవి తడి ఇసుకకి బాగుంటాయి గానీ రేటు వింటే ఇంటికొచ్చేస్తారు.

మిషన్ లేకుండా ఎలాగంటే తుఫాను వెళ్ళిన తర్వాత, లేపోతే అమావాస్యకీ పున్నానికీ పోటు బాగా వచ్చి తీరం కోసేసినప్పుడు పొద్దున్నే రండి, కోతపడిన గట్టు కింద నల్ల ఇసుక చారలుగా పేరుకుంటాది, బరువైనవన్నీ అక్కడే ఆగుతాయి. నాణెం కూడా బరువే కదా, అదీ అక్కడే ఉంటాది. కార్తీక మాసం స్నానాలు, పిక్నిక్‌లు అయ్యాక జనం కూర్చున్న పొడి ఇసుక చోటు చూడండి. మెట్టెలు, పట్టీలు, పిల్లల మురుగులు కూడా పడిపోతుంటాయి. అలాంటివి దొరికితే మాత్రం ఎవరివో కనుక్కోండి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికి ఆ అమ్మ ఏడుస్తా వస్తాది. గుంటల్ని నీట్లోకి మాత్రం దిగనివ్వకండి, మన తీరంలో అలలు ఎలాగుంటాయో మీకు తెల్సు.

బార్ రూమ్ బెంచీ

చట్టం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది ఓపిక పట్టండి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో గానీ, భూమికి అతుక్కుని ఉన్న దేనిలో గానీ (అంటే ఇంటి గోడ కూడా) దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధి కిందకే వస్తుంది. దాని విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టర్‌కి కాగితం మీద తెలియజెయ్యాలి, ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అని. ఆ 10 రూపాయలు 1878 నాటివి, అప్పట్నించీ మార్చలేదు, అదో విచిత్రం. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెప్తే మాత్రం నష్టం లేదు, విచారణలో ఎవరూ హక్కుదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు వస్తుంది. ప్రభుత్వం తనే తీసుకోవాలనుకుంటే లోహం విలువకి ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు.

జేబులోంచి జారిపోయిన ఒక్క కానీ కోసం మీరు కలెక్టరేట్ మెట్లెక్కాలని నేననను. కానీ కుండ పెంకుతోపాటు నాణేలు కలిసి వచ్చాయా, ఒకేచోట నాలుగైదు అతుక్కుని కనిపించాయా, తవ్వడం అక్కడే ఆపేసి ఫోటో తీసి తహశీల్దార్ ఆఫీసులో రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. మన నేల అలాంటిది సార్. ముఖలింగం ప్రాంతం నుంచి ఏలిన తూర్పు గంగుల బంగారు ఫణాలు అర గ్రాము కూడా తూగవు, ఒక పక్క పడుకున్న నంది, ఇంకో పక్క అంకుశం, రాజు ఏలుబడి సంవత్సరం అంకె ఉంటుంది, తెలియనివాడు బొత్తాం అనుకుని పారేస్తాడు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, సొంతంగా విదేశాలకి పంపించడం కుదరదు.

శాలిహుండం వెళ్ళండి, స్తూపాలు చూపించండి, మ్యూజియం చూపించండి, పార మాత్రం కార్లోనే వదిలెయ్యండి. రక్షిత స్థలంలో తవ్వడం నేరం. రక్షిత కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత దాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ముఖలింగం, రామతీర్థం కూడా అంతే అనుకోండి.

పాలకొండ కోడలు

మీ మావగారిది అతి భయం కాదండీ. మా పుట్టింటి వైపు బోరు పాయింట్ చూడ్డానికి వచ్చినవాళ్ళని కూడా నిధుల కోసం వచ్చారని ఊరంతా చుట్టుముట్టేసింది, కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు కాబట్టి క్షుద్రపూజ అన్నారు. చెవులకి హెడ్‌ఫోన్, చేతిలో కర్ర మిషన్, పక్కన గొయ్యి, ఇంక మీరు ఏం చెప్పినా వినరు. అలాగని మానెయ్యక్కర్లేదు. పట్టపగలే చెయ్యండి, మీ సొంత స్థలంలో చెయ్యండి, ఇంకొకరి కల్లంలో అయితే ఆ రైతుని పిలిచి పక్కనే కూర్చోబెట్టుకోండి, గుడి, శ్మశానం, పాత కోట, పుట్ట, వీటి జోలికి వద్దు. సర్పంచ్‌కి ముందే ఒక మాట చెప్తే సగం గొడవ ఉండదు. మీ ఆవిడా పిల్లలూ పక్కన ఉండటమే మీకు పెద్ద ధైర్యం, రాత్రిపూట టార్చ్‌తో ఒంటరిగా తవ్వేవాడినే కదా ఎవరైనా అనుమానించేది.

ఇంకో సంగతి, ఎక్కడ వెతకాలి అన్నారు కదా, జాతర అయిన మర్నాడు రంగులరాట్నం ఉన్న చోటు చూడండి. పైకి వెళ్ళి ఊగుతూ కిందకి దిగేటప్పుడు జేబుల్లోవన్నీ రాలతాయి. మట్టి నేలైతే మంచిది. అమ్మవారి ముందు వేసిన చిల్లర మాత్రం ముట్టుకోనివ్వకండి పిల్లల్ని, అది ఆవిడది.

రణస్థలం టు లీడ్స్

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ శనివారం వస్తే తండ్రీ కొడుకులు మిషన్లు వేసుకుని పొలాలకి పోతారు, ఎవరూ వింతగా చూడరు. కాకపోతే పొలం యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టరు. 1992లో సఫోక్‌లో హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి పోతే ఎరిక్ లాస్ అనే రిటైరైన ఆయన మిషన్ పట్టుకుని వెతకడానికి వెళ్ళాడు, దొరికింది రోమన్ల కాలం నాటి దాదాపు 15 వేల నాణేలు, బంగారు గొలుసులు, వెండి గరిటెలు. ఆయన కొన్ని తీసి, ఇది పెద్ద విషయం అని అర్థమవగానే తవ్వడం ఆపేసి కబురు పెట్టాడు, పురావస్తువాళ్ళు వచ్చి పెట్టె ఏ చెక్కతో చేసిందో, లోపల ఏది ఎలా సర్దారో కూడా చూడగలిగారు. 17.5 లక్షల పౌండ్లు బహుమానం ఇచ్చారు, రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

బెంచీ గారు చెప్పిందే నేనూ అంటున్నాను. కుండని మీరే పెకిలించి ఇంటికి తెచ్చేస్తే నాణేలు మిగుల్తాయి, కథ పోతుంది. మీ పిల్లల చేత ఒక నోట్‌బుక్ పెట్టించండి, ఏ నాణెం, ఏ చోటు, ఎంత లోతు, ఏ తారీఖు. పెరడు ప్లాన్ గీసి చుక్కలు పెట్టమనండి, నాలుగు నెలల్లో పాత నూతి దారి ఎటు ఉండేదో వాళ్ళే చెప్తారు మీకు, జనం నడిచిన చోటే కదా చిల్లర పడేది.

విజినారం నాన్న

అందరికీ థాంక్స్. మావగారికి మీ మెసేజులన్నీ చదివి వినిపించాను, పాలకొండ మేడమ్ రాసింది రెండుసార్లు చదివించుకున్నారు, గెలిచేశాను అన్నట్టు నవ్వుతున్నారు. మిషన్ ప్రస్తుతానికి వాయిదా, నోట్‌బుక్ మొదలెట్టాం. ఒక్క డౌట్ ఉండిపోయింది. ఆ కానీ పచ్చగా చిలుము పట్టి ఉంది, మా ఆవిడ చింతపండుతో తోమేస్తానంటోంది, తోమొచ్చా? తమ్ముడేమో అమ్మితే లక్ష వస్తుందని యూట్యూబ్ లింకులు పంపిస్తున్నాడు.

పాతపైసలు

చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, బూడిద అసలే వద్దు. ఆ రంగు పోతే నాణెం మెరుస్తుంది గానీ సేకరించేవాళ్ళు చేత్తో ముట్టుకోరు. మినరల్ వాటర్ కాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి గాజు గ్లాసులో వేసి వదిలెయ్యండి, రోజూ నీళ్ళు మార్చండి, మట్టి మెత్తబడ్డాక మెత్తటి బ్రష్‌తో మెల్లగా అనండి, బాగా ఆరాక కాగితం కవర్లో పెట్టండి. చిలుము పొడిపొడిగా లేత ఆకుపచ్చగా రాలుతుంటే దాన్ని మిగతా వాటితో కలపొద్దు. అల్యూమినియం పైసలు ఉప్పు నేలలో తెల్లగా గుంటలు పడిపోతాయి, వాటికి చేసేదేం లేదు.

లక్ష సంగతి మీ తమ్ముడికి చెప్పండి, చిల్లు కానీ ఏ నాణేల షాపులో అడిగినా తక్కువకే ఇస్తారు, కోట్లల్లో కొట్టారు కదా. వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ళ, ట్రాక్టర్ బొమ్మున్న పాత నోటు అని పేరు చెప్పి ముందు కమిషన్ కట్టండి, జీఎస్టీ కట్టండి అనేవాళ్ళు ఉన్నారు, 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నాణేలు నోట్లతో మేం వ్యాపారం చెయ్యం, ఎవరి దగ్గరా ఛార్జీలు వసూలు చెయ్యం అని. వాడిని ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దనండి. ఆ కానీని మొలతాడుకి గుచ్చి మీ చిన్నాడికి కట్టండి, వాడికి సైజు సరిపోతే.