వరదలో మునిగిన పాత ఆయిల్ ఇంజినును ఇంటి వద్ద బాగుచేసుకోవడం గురించి చర్చ

దామలచెరువు తోట:
మా మామిడి తోటలో ఒక పాత దిగుడు బావి ఉంది. అందులో నీటిమట్టానికి కొంత పైన కట్టిన గట్టు మీద తాతగారి కాలపు ఆయిల్ ఇంజిను ఒకటి ఉండేది. బోరు వేసి మోటారు దించిన తరువాత, ముఖ్యంగా 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత, దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. 2021 నవంబరు వరదలకు బావి నిండిపోయి ఇంజిను పూర్తిగా మునిగింది. నీళ్లు తగ్గాక ఇప్పుడు చైన్ పుల్లీతో పైకి తీయించి కొట్టంలో పెట్టాము. నిలువుగా ఒకే సిలిండరు, రెండు పక్కలా పెద్ద చక్రాలు ఉన్నాయి. పేరు చెక్కిన రేకు ఊడిపోయింది. చక్రం అంగుళం కూడా కదలడం లేదు. పాత ఇనుము కొనేవారు కిలోల లెక్కన అడుగుతున్నారు గానీ నాకు ఇవ్వడం ఇష్టం లేదు. ఇది ఏ రకం ఇంజిను, దేనితో మొదలుపెట్టాలి, ఇంట్లో చేసుకోదగిన పని ఎంత, లేతు షాపుకు ఇవ్వవలసినది ఎంత అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

తిరుపతి ఆటోనగర్:
రెండు వైపులా పెద్ద చక్రాలు ఉన్నాయంటే అది నెమ్మదిగా తిరిగే లిస్టరు రకానిదై ఉండాలి. ఇంగ్లండులోని డర్స్లీలో పుట్టిన ఆ నమూనా 6 గుర్రాల ఇంజిను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. దాని బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 114.3 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైకి కిందికి కదిలే దూరం) 139.7 మి.మీ. ఆ నమూనానే రాజ్‌కోట్‌లోని చిన్న కార్ఖానాలు తరువాత లెక్కలేనన్ని పోతపోశాయి. మన జిల్లాలో కనిపించే మరో రకం కిర్లోస్కర్ ఏవీ1. అది 1500 చుట్ల మీద 5 గుర్రాల శక్తినిస్తుంది, బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. ఇంజినీరింగు కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థులు దీని మీద పరీక్షలు చేస్తుంటారు. హెడ్డు (సిలిండరు పై మూత) తీసి బోరు కొలిస్తే మీ అనుమానం అక్కడే తీరిపోతుంది. అయితే అది రాజ్‌కోట్ పోత అని తేలితే, పుస్తకంలోని కొలతలను నమ్మి విడిభాగాలు కొనకండి. ఒక్కో కార్ఖానా ఒక్కో విధంగా చేసింది కాబట్టి మీ చేతిలోని భాగాన్ని కొలిచి, ఆ కొలతకే తెచ్చుకోవాలి.

ఇంకొక మాట. ఇంజిన్లను బావి లోపల ఎందుకు పెట్టేవారో నేటి పిల్లలకు తెలియదు. పంపు నీటిని పైకి లాగడమంటే, బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి తోయడమే. లెక్క ప్రకారం ఆ ఎత్తు 10 మీటర్లకు కొంచెం పైన ఉన్నా, ఆచరణలో 6, 7 మీటర్లు దాటితే పంపు నీళ్లు పట్టదు. అందుకే నీరు దిగిన కొద్దీ గట్టు కట్టి ఇంజినును కిందికి దించుతూ పోయారు. పొగ బావిలోనే నిలిచి, అందులోని విషవాయువుతో ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. బాగయ్యాక దానిని మళ్లీ బావిలోకి దించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

చిత్తూరు లేతు పని:
తోట గారూ, అన్నిటికంటే ముందు ఒక విషయం. నీటిలో పూర్తిగా మునిగి ఉన్నంతకాలం ఇనుము మెల్లగానే తుప్పు పడుతుంది. బయటికి తీసి గాలి తగిలాకనే ఆ తుప్పు పరుగెత్తుతుంది. కాబట్టి వీలైనంత త్వరగా అడుగు ప్లగ్గు తీసి నీటినీ మడ్డినీ వదిలించండి, పక్క తలుపు విప్పి లోపలంతా డీజిలుతో కడిగి, కనిపించిన ప్రతి నున్నటి భాగానికీ నూనె పూయండి.

తరువాత హెడ్డు విప్పి పిస్టను ఎక్కడ ఆగిందో చూడండి. పిస్టను పైన బోరులో పట్టిన తుప్పును సన్నని ఎమరీ కాగితంతో ముందు శుభ్రం చేయాలి. లేకపోతే పైకి వచ్చే పిస్టను ఆ తుప్పులోనే మళ్లీ బిగుసుకుంటుంది. పిస్టను మీద డీజిలు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే నూనె) సగం సగం కలిపి పోసి నానబెట్టండి. నూనె కిందికి దిగుతూ ఉంటే పని సాగుతున్నట్టే, దిగిన కొద్దీ మళ్లీ పోస్తూ ఉండాలి. ఎన్నాళ్లు పడుతుందని అడగవద్దు, తుప్పు వదలినప్పుడే వదులుతుంది. అది చాలకపోతే సిలిండరు చుట్టూ నీళ్లు తిరిగే జాగాలో మరిగే నీళ్లు పోయండి. బయటి గోడ ముందు వేడెక్కి కొద్దిగా వ్యాకోచిస్తుంది కాబట్టి, గ్యాసు మంట పెట్టి పోత ఇనుమును పగలగొట్టుకునే ప్రమాదం లేకుండానే పట్టు సడలుతుంది.

కదిలించేటప్పుడు సుత్తిని పిస్టను మీద నేరుగా వేయకూడదు. బోరు కంటే కొంచెం తక్కువ వ్యాసానికి గట్టి తుమ్మ మొద్దును తిప్పించి, దాని మీద కొట్టాలి. మొదట కిందికి ఒక పిసరు, తరువాత పైకి ఒక పిసరు కదిలితే చాలు. పక్క తలుపులోంచి కనెక్టింగ్ రాడ్డు బోల్టులు విప్పేసి, కింది నుంచి చిన్న జాకీతో మొద్దును నెట్టడం ఇంకా మేలు. చక్రం కమ్మీల మధ్య గడ్డపార పెట్టి తిప్పాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినవద్దు. పోత ఇనుప కమ్మీకి పగులు పడితే కంటికి కనిపించదు. 600 మి.మీ. వ్యాసం గల చక్రం 650 చుట్ల వేగంతో తిరిగేటప్పుడు దాని అంచు సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆ వేగంలో చక్రం విడిపోతే కొట్టం గోడ ఆపలేదు. అనుమానం ఉన్న చోట కిరోసిను పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అక్కడ తడి గీత బయటపడుతుంది.

పలమనేరు మాస్టారు:
చిన్న భాగాల తుప్పుకు నేను కరెంటు పద్ధతి వాడుతాను. ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీరు పోసి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికి, ఒక మామూలు ఇనుప రేకును ధన ధ్రువానికి కలిపితే తుప్పు తనంతట తాను వదులుతుంది, మంచి ఇనుము అరగదు. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, ఎందుకంటే దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. హైడ్రోజను వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. అల్యూమినియం భాగాలను అందులో వేయనే కూడదు, సోడా వాటిని తినేస్తుంది.

మన బోరు నీళ్ల సున్నం నీటి జాగాలో గట్టిగా పేరుకుని ఉంటుంది. దానికి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీరు సరిపోతుంది.

చిత్తూరు లేతు పని:
మాస్టారు గారి పద్ధతి బ్రాకెట్లకు, మూతలకు మంచిదే. కానీ స్ప్రింగులను, గట్టిపరచిన ఉక్కు భాగాలను అందులో వేయడం నాకు సమ్మతం కాదు. హైడ్రోజను లోపలికి చేరితే అవి పెళుసుబారుతాయి. వాల్వు స్ప్రింగు కొత్తది కొనుక్కోవడమే నయం.

పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకవద్దు, తడిపి తీసి సంచిలో కట్టేయండి. హెడ్డుకు రాగి ప్యాకింగు ఉంటే ఎర్రగా కాల్చి నీటిలో ముంచండి, మళ్లీ మెత్తబడుతుంది.

దామలచెరువు తోట:
అందరికీ కృతజ్ఞతలు. మరిగే నీళ్ల ఉపాయం తరువాత పిస్టను కదిలింది. బోరు 114 మి.మీ. చూపుతోంది కాబట్టి ఆటోనగర్ గారు చెప్పిన లిస్టరు రకమే. పై భాగంలో కొద్దిగా గుంటలు ఉన్నాయి, మిగతా బోరు నున్నగా ఉంది. పక్క తలుపులోంచి గీకితే రంగు కింద నుంచి ఇసుక రాలుతోంది. ఇది వరద ఇసుకా? పిస్టను రింగుల చివరల మధ్య సందు ఎంత ఉండాలి? ఏ నూనె పోయాలి?

తిరుపతి ఆటోనగర్:
రంగు కింద ఉన్నది వరద ఇసుక కాదు, పోత ఇసుక. కొన్ని చిన్న పోతపనుల్లో అచ్చు ఇసుకను పూర్తిగా వదిలించకుండానే లోపల రంగు పూసి పంపేవారు. ఆ ఇసుక నూనెలో కలిసి బేరింగులను అరగదీసేది. వైరు బ్రష్షుతో గీకి, కడిగి, అయస్కాంతంతో ఇనుప రజను ఏరి, తెల్ల గుడ్డతో తుడిస్తే మచ్చ పడనంత వరకు చేయాలి. ఈ పని ఎంత విసుగు పుట్టించినా, మొత్తం పనిలో దీనికంటే ముఖ్యమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. పై రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

రింగును బోరులో నున్నగా ఉన్న చోట నిలిపి, చివరల మధ్య సందును ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) చూడండి. బోరు ప్రతి అంగుళానికి 3 నుంచి 4 థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున, మీ నాలుగున్నర అంగుళాలకు 14 నుంచి 18 థౌలు ఉంటే బాగుంటుంది. గుంటలు రింగులు తిరిగే దారికి పైన ఉంటే బోరింగు (బోరును కోసి పెద్దది చేయడం) చేయించకండి, హోనింగు (పైపైన సానపెట్టడం) చాలు.

పుంగనూరు గానుగ:
నూనె విషయంలో నాది వేరే మాట. మా చెరకు గానుగకు ఇలాంటి ఇంజినే ఉండేది. ఫిల్టరు లేని ఇంజినులో మసి అడుగున దిగిపోవాలి. ఇప్పటి నూనెల్లోని డిటర్జెంటు దానిని దిగనీయకుండా తేలుస్తూ ఉంటుంది. కాబట్టి డిటర్జెంటు లేని 30 నంబరు నూనె దొరికితే అదే వాడండి.

తిరుపతి ఆటోనగర్:
గానుగ గారి తర్కం సరైనదే. మడ్డి నిండిన ఇంజినులో ఉన్నపళంగా కొత్త రకం నూనె పోస్తే మడ్డి అంతా కదిలి బేరింగుల్లోకి పోతుంది. కానీ తోట గారు లోపలంతా కడిగేశారు. ఇక దొరకని నూనె కోసం వెతకడం కంటే, దొరికే 20డబ్ల్యూ-40ని పోసి, మొదటిసారి కొద్ది గంటల్లోనే, ఆ తరువాత కూడా తరచుగా మార్చడం మేలు.

చిత్తూరు లేతు పని:
డీజిలు పంపునూ, సిలిండరులోకి డీజిలును చిమ్మే నాజిలునూ ఇంట్లో విప్పవద్దు. వాటిలోని ప్లంజరు, బ్యారెలు ఒకదానికొకటి జతగా అరగదీసినవి, గోరు గీత పడినా పనికిరావు. నాజిలును సర్వీసు షాపులో పరీక్ష యంత్రం మీద పెట్టించి, పొగమంచులా చిమ్ముతోందా, చివర చుక్క కారుతోందా అని మీ కళ్లతో చూడండి. చిమ్మే దారికి చేయి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టైమింగు, అంటే డీజిలు చిమ్మే వేళ, మాత్రం మీరే పెట్టుకోవచ్చు. 650 చుట్ల లిస్టరుకు పిస్టను పై కొనకు 20 డిగ్రీల ముందు డీజిలు కదలడం మొదలవ్వాలి. హెడ్డు బిగించకముందే పై కొనను చక్రం మీద గుర్తించండి. పిస్టను పైకి వస్తూ ఒక ఎత్తు దగ్గర, దిగుతూ అదే ఎత్తు దగ్గర చక్రం మీద గీత గీసి, రెండు గీతల నడిమిని పై కొనగా తీసుకోవాలి. చక్రం వ్యాసం 600 మి.మీ. అయితే, 20 డిగ్రీలంటే అంచు మీద సుమారు 105 మి.మీ. అక్కడ మరో గీత గీయండి. తరువాత పంపు పైపు విప్పి, గాలి పూర్తిగా తీసేసి, కంప్రెషను స్ట్రోకులో (రెండు వాల్వులూ మూసుకుని పిస్టను పైకి వచ్చేటప్పుడు) చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, పంపు నోటిలో డీజిలు కదిలే క్షణాన్ని గమనించండి. అది మీ గీత దగ్గరే జరగాలి.

పుంగనూరు గానుగ:
హ్యాండిలు తిప్పే ముందు నాలుగు మాటలు. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, పిడికిలిగా చుట్టకూడదు, ఇంజిను ఎదురు తన్నితే వేలు విరుగుతుంది. లుంగీ, తువ్వాలు వేసుకుని దగ్గరికి పోవద్దు, చక్రం బిగించే మేకు తల బయటికి పొడుచుకుని ఉంటుంది, అది గుడ్డను పట్టుకుంటే మనిషినే లాగుతుంది. ఆ మేకు వదులుగా ఉందేమో చూడండి, దానికి డబ్బా మూత ఒకటి బిగించండి. గాలి పీల్చే గొట్టాన్ని మూయగల చదునైన చెక్క ఒకటి చేతికందేలా ఉంచుకోండి. రింగులు వదులై లోపలి నూనెనే కాల్చుకుంటూ ఇంజిను పరుగెత్తితే డీజిలు ఆపినా ఆగదు, గాలిని ఆపాల్సిందే.

దామలచెరువు తోట:
పలుకుతోంది! వాల్వు ఎత్తిపెట్టి వేగం వచ్చాక వదిలితే పట్టుకుంది. అయితే ఒక ఊపులో వేగం పెరుగుతుంది, పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. తెల్లటి పొగ కూడా వస్తోంది. వేప దూలాల మీద బిగించాము, కుదుపు పెద్దగా లేదు. దీనితో కరెంటు పుట్టించే చిన్న ఆల్టర్నేటరు తిప్పవచ్చునా?

తిరుపతి ఆటోనగర్:
వేగం ఊగిసలాడుతోందంటే, వేగాన్ని అదుపుచేసే గవర్నరు చెప్పిన మాటను పంపు వెంటనే వినడం లేదన్నమాట. ఇంజిను ఆపి, గవర్నరు కడ్డీని పంపు నుంచి విప్పి, పంపు ర్యాకును (డీజిలు మోతాదును మార్చే కడ్డీని) వేలితో కదపండి. ఎక్కడా పట్టకుండా జారాలి, పట్టితే పంపును షాపుకు పంపండి. ర్యాకు బాగుంటే కడ్డీ చివరల పిన్నులు అరిగి ఉంటాయి, వాటిని లేతు మీద చేయించుకోవచ్చు. స్ప్రింగును సాగదీసి సరిచేయాలని చూడకండి. ఖాళీగా, చల్లగా తిరిగే ఇంజినుకు తెల్ల పొగ సహజమే, బరువు మోపి వేడెక్కనిచ్చాక కూడా అలాగే వస్తే టైమింగును మళ్లీ చూడాలి.

ఆల్టర్నేటరు తిప్పవచ్చు. 6 గుర్రాలంటే సుమారు 4.5 కిలోవాట్లు, నష్టాలు పోను 3 కేవీఏ యంత్రం దాటవద్దు. ఇంజిను 650 చుట్ల నుంచి ఆల్టర్నేటరుకు కావలసిన 1500 చుట్లకు పోవాలంటే వేగాన్ని 2.3 రెట్లు చేయాలి. 600 మి.మీ. చక్రం మీదనే బెల్టు వేస్తే ఆల్టర్నేటరు పుల్లీ 260 మి.మీ. ఉండాలి. బెల్టు కొంత జారుతుంది కాబట్టి 255 చేయించి, ఫ్రీక్వెన్సీ మీటరు చూస్తూ 50 దగ్గర నిలిచేలా గవర్నరును సరిచేసుకోండి. ఊగిసలాట పూర్తిగా తగ్గేవరకు టీవీ, ఫ్రిజ్ వంటివి దానికి కలపవద్దు, బల్బులతోనే పరీక్షించండి.